బోధకుడి మొదటి బడి ఊరే

మతం చెప్పడానికి బయలుదేరే యువతీయువకులకు మన దగ్గర దొరికే శిక్షణ, ఏ మతంలో చూసినా, చాలావరకు ఒకే తీరుగా ఉంటుంది. ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి, ఎదుటివాడు అడ్డుచెబితే ఏ వాక్యంతో బదులివ్వాలి అన్నవాటిపైనే ఏళ్లు గడుస్తాయి. ఎవరికి చెప్పబోతున్నారో ఆ మనుషుల గురించి నేర్చుకోవడానికి కేటాయించే కాలం చాలా తక్కువ. వాళ్లు ఏం పండిస్తారు, ఎవరికి బాకీ ఉన్నారు, రోగమొస్తే ఎక్కడికి పోతారు, కష్టంలో ఎవరిని తలుచుకుంటారు, వాళ్ల తాతలు ఏ గురువు మాట విన్నారు – ఇవి పాఠాలుగా లెక్కకు రావు. ఈ వరస తలకిందులుగా ఉందన్నది నా వాదన. బోధకుడు ఊళ్లో ఉన్నన్నాళ్లూ నేర్చుకోవడమే అతడి పనిలో మొదటి భాగం కావాలి. అది ప్రచారానికి ముందు ముగించుకునే కోర్సు అనుకుంటే సరిపోదు. నేర్చుకున్నదాని వల్ల అతడి పథకం ఎంత మారిందన్నదే అతడి సేవకు కొలత కావాలి. ఈ మాటకు ఆధారాలు వెతుకుతూ దూరం పోనక్కర్లేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మధ్య ఉన్న రేనాడు నుంచే మొదలుపెట్టవచ్చు.

ఎర్రగుంట్ల మండలం కలమల్లలో చెన్నకేశవస్వామి గుడి ఆవరణలోని రాతిస్తంభం మీద రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనుంజయుడి శాసనం ఉంది. సుమారు క్రీ.శ. 575 నాటిదని పండితులు లెక్కగట్టిన ఆ శాసనాన్నే ఇప్పటిదాకా దొరికిన తొలి తెలుగు శాసనంగా చెప్పుకుంటున్నాం. అంతకుముందు తెలుగు నేలనేలిన రాజులు ప్రాకృతంలోనో సంస్కృతంలోనో శాసనాలు వేయించేవారు. వాటి మధ్య తెలుగు మాటలు ఊరి పేర్లుగానో మనుషుల పేర్లుగానో అక్కడక్కడా తొంగిచూసేవి. రేనాటి పాలకులు ఆ అలవాటును పక్కనబెట్టి, పొలంలోనూ రచ్చబండ దగ్గరా జనం మాట్లాడే భాషనే రాతికెక్కించారు. చెప్పదలుచుకున్నది వినేవాళ్ల నోటి భాషలోకి దిగకపోతే అది ఆజ్ఞగా మిగులుతుందే తప్ప సమాచారం కాలేదని వాళ్లకు తోచి ఉండాలి. ఈ చుట్టుపక్కలకు దేవుడి మాట చెప్పడానికి వచ్చినవాళ్లు తక్కువేం కాదు. జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున దానవులపాడులో జైనులు ఆలయాలు కట్టుకున్నారు. శైవులు పుష్పగిరిని పుణ్యక్షేత్రం చేశారు. సూఫీలు కడపలో అమీన్‌పీర్ దర్గాకు పునాది వేశారు. తాళ్ళపాక అన్నమయ్య వెంకటేశ్వరుణ్ణి ఇక్కడి ఆడవాళ్ల జాజరపాటల్లోకి, జోలపాటల్లోకి తెచ్చాడు. వీళ్లలో ఎవరి మాట జనంలో ఎంత నిలిచిందో చూస్తే, జనం దగ్గర ఎవరు ఎంత నేర్చుకున్నారో తెలిసిపోతుంది.

లండన్ మిషనరీ సొసైటీ కడపలో పని మొదలుపెట్టింది 1822లో. ఆ సొసైటీ తరఫున విలియం హోవార్డ్ క్యాంబెల్ 1884లో ఇక్కడికి వచ్చి, కడప, జమ్మలమడుగు ప్రాంతాల్లో పాతికేళ్ల దాకా పనిచేశాడు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో చదువుకుని వచ్చిన ఆ మనిషి, క్రైస్తవ వేదాంతం మీద తెలుగులోనే పుస్తకం రాసేంత దూరం మన భాషలోకి నడిచాడు. మొక్కలు, సీతాకోకచిలుకలు, చిమ్మటలు సేకరించాడు. సువార్త చెప్పడానికి వచ్చినవాడికి చిమ్మటలతో ఏం పనని ఆనాటి సొసైటీ పెద్దలు అడిగి ఉంటే తప్పుబట్టలేం. కానీ ఒక పురుగును వెతికి పట్టుకోవాలంటే అది ఏ చెట్టు మీద వాలుతుందో, ఏ కార్తెలో బయటికొస్తుందో తెలియాలి. ఆ సంగతి పొలం గట్టున తిరిగే రైతునో, గొర్రెల కాపరినో అడగాలి. ఒక చోటును అంత ఓపికగా చూడటం అలవాటైన కన్ను, అక్కడి మనుషులను చూసేటప్పుడు కూడా తొందరపడదు. అతడి తమ్ముడు డాక్టర్ థామస్ విన్సెంట్ క్యాంబెల్ ఇదే సొసైటీ వైద్యుడిగా వచ్చి, 19వ శతాబ్దం చివరి దశకంలో జమ్మలమడుగులో ఆసుపత్రి నిలబెట్టాడు. వందేళ్లు దాటినా దాన్ని జనం క్యాంబెల్ ఆసుపత్రి అనే పిలుస్తున్నారు. ఆ రోజుల్లో మిషన్ బంగళాల్లో ఎన్ని ప్రసంగాలు జరిగాయో ఈ పొద్దు చెప్పగలిగినవాళ్లు లేరు. ఆసుపత్రి ఎక్కడుందంటే మాత్రం మూడు తాలూకాల్లో ఎవరైనా దారి చూపిస్తారు. ఏది అవసరమో జనం నుంచి తెలుసుకుని చేసిన పనికి ఉన్న ఆయుష్షు ఇది.

జనం అవసరం ఏమిటో, పంపిన సంస్థకు తోచిన అవసరం ఏమిటో – ఈ రెండింటికీ ఎంత తేడా ఉంటుందో గుంటూరు కథలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అమెరికాలో 1879లోనే వైద్యవిద్య పూర్తిచేసిన అన్నా సారా కుగ్లర్‌ను లూథరన్ మిషన్ 1883లో గుంటూరుకు పంపింది, కానీ వైద్యురాలిగా పంపలేదు. వైద్యసేవ మొదలుపెట్టడానికి బోర్డు అప్పటికింకా సిద్ధంగా లేదు. బళ్లు చూసుకుంటూ, ఇళ్లలో ఆడవాళ్లకు చదువు చెప్పమన్నారు. ఆమె ఆ ఇళ్లలోకి వెళ్లింది. పరాయి మగవాడు, అతడు డాక్టరైనా సరే, చెయ్యి పట్టుకుని నాడి చూడటానికి వీల్లేని ఇళ్లవి. కాన్పు కష్టమైతే మంత్రసాని తప్ప వేరే దిక్కులేని ఇళ్లు. తనకు అప్పగించిన పనికీ, తన కళ్లముందున్న అవసరానికీ మధ్య ఆమె వైద్యం చేయడం మొదలుపెట్టింది. రెండేళ్ల తర్వాత బోర్డు ఆమెను వైద్య మిషనరీగా గుర్తించింది. 1898లో ఆసుపత్రి వెలిసింది. ఇందులో నన్ను ఆకట్టుకునేది ఆమె త్యాగం ఒక్కటే అయితే ఇక్కడ ప్రస్తావించేదాన్ని కాదు. అమెరికాలో కూర్చుని గీసిన పథకం తప్పని గుంటూరు ఆడవాళ్ల దగ్గర నేర్చుకుని, ఆ నేర్చుకున్నదాన్ని పైవాళ్లచేత ఒప్పించింది. సేవకు వెళ్లినవాళ్లు చేయాల్సిన పనుల్లో ఇది అన్నిటికన్నా కష్టమైనది. పైనుంచి వచ్చిన కార్యక్రమాన్ని కిందివాళ్ల మీద అమలుచేయడం ఎవరికైనా చేతనవుతుంది.

నేర్చుకోవడమనేసరికి ఎవరి దగ్గర అన్న ప్రశ్న వస్తుంది. మన ప్రాంతపు చరిత్రలో ఇది అసలైన చిక్కుముడి. 18వ శతాబ్దంలో తెలుగు ప్రాంతాల్లో పనిచేసిన ఫ్రెంచి జెసూట్లు పండితులను ఆశ్రయించారు. కాల్మెత్ వేదాల ప్రతులను సంపాదించి పారిస్‌లోని రాజగ్రంథాలయానికి చేరవేశాడు. కూర్దూ తెలుగు, సంస్కృతం, ఫ్రెంచి కలిపి నిఘంటువు కూర్చాడు. సంస్కృతానికీ లాటిన్, గ్రీకు భాషలకూ ఉన్న చుట్టరికాన్ని 1767లోనే, అంటే విలియం జోన్స్ కలకత్తాలో ఆ సంగతి ప్రకటించడానికి దాదాపు ఇరవై ఏళ్ల ముందే, పారిస్ పండితులకు రాశాడు. మన ఆచారవ్యవహారాల మీద ద్యుబువా అనే మరో ఫ్రెంచి మతగురువు పేరుతో వెలువడిన ప్రసిద్ధ గ్రంథానికి కూర్దూ రాతప్రతే చాలావరకు మూలమని సిల్వియా మ్యూర్ అనే పరిశోధకురాలు తేల్చింది. ఆ ద్యుబువా గ్రంథంలో వేమన పేరు చూసే సి.పి. బ్రౌన్ వేమన పద్యాల కోసం వెతకడం మొదలుపెట్టాడు. కడపలో కుంఫిణీ ఉద్యోగిగా అడుగుపెట్టి, తన బంగళాలోనే పండితులకు జీతాలిచ్చి తాళపత్రాలు పరిష్కరింపజేసిన బ్రౌన్, 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేయించాడు. ఎవరో ఒక మతబోధకుడు తనకు నేరుగా పనికిరాని సంగతిని కూడా శ్రద్ధగా రాసిపెట్టుకోవడం వల్ల, తరాల తర్వాత మన వేమన మనకు అచ్చులో చేరాడు. నేర్చుకున్నది ఎప్పుడు ఎవరికి పనికొస్తుందో ముందుగా లెక్కవేయలేం కాబట్టే, ‘ఇది మన పనికి సంబంధించింది కాదు’ అనే మాట బోధకుడి నోట రాకూడదంటాను.

కానీ పండితుల దగ్గర నేర్చుకున్నది ఊరి మొత్తానికీ చెల్లదు. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో బడి తెరిచి, అగ్రవర్ణాల పిల్లలు మారితే కిందివాళ్లంతా వాళ్ల వెనకే వస్తారని ఆశించాడు. ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టుకు 1866లో ఇంకో దారి కనబడింది. ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద అతడి దగ్గరకు వచ్చాడు. ఆ పేరయ్య తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగినవాడు. అంతకుముందే గురువులను వెతుక్కుంటూ యోగసాధన చేసినవాడు. మాదిగలను చేర్చుకుంటే బడికొస్తున్న పైకులాల పిల్లలు మానేస్తారని తెలిసే క్లౌ వాళ్లను చేర్చుకున్నాడు. దాని పర్యవసానాల గురించి చాలామంది రాశారు. నేను చూపదలుచుకున్నది మరొకటి. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో చెప్పులు కుట్టేవాళ్ల కథలుగా ఒక పుస్తకం వేసింది. మాదిగల్లో ముసలివాళ్లను అడిగి, వాళ్లు క్రైస్తవులు కాకముందు ఏ గురువుల వెంట నడిచారో, ఏ బోధలు విన్నారో రాసుకుంది. పోతులూరి వీరబ్రహ్మం సంప్రదాయం కూడా అందులో ఉంది. ఆ వీరబ్రహ్మం కందిమల్లాయపల్లె మఠం మన కడప జిల్లాలోదే. దూదేకుల సిద్దయ్యనూ మాదిగ కక్కయ్యనూ శిష్యులుగా చేసుకున్నాడని జనం చెప్పుకునే బ్రహ్మంగారి మాట, ఒంగోలు దిక్కు మాదిగపల్లెల్లోకి ఎప్పుడో చేరిపోయిందన్నమాట. తాను వెళ్లేసరికి అక్కడ చీకటే ఉందని అనుకున్న బోధకుడికి ఇది వినబడదు. పేరయ్య లాంటివాడు ఖాళీ చేతులతో రాలేదు, ఒక అన్వేషణ మధ్యలో వచ్చాడు. ఆ సంగతి తెలుసుకున్నాక బోధకుడి స్వరం మారక తప్పదు. ఎదుటివాడు కూడా దేవుణ్ణి వెతుకుతున్నవాడే అని తెలిసినప్పుడు, చెప్పడానికి వచ్చినవాడు ముందు వినాలి.

దేనికి ముందు, దేనికి వెనక అన్న విచక్షణకు మన నేల మీద నాకు తెలిసిన గట్టి ఉదాహరణ కూడా ఒంగోలుదే. 1876–78 కరువులో దత్తమండలాలూ నెల్లూరు సీమా ఎండిపోయాయి. యవ్వనంలో అమెరికాలో సర్వేయరుగా పనిచేసిన క్లౌ, ఆ పాత చదువును బయటికి తీసి, బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలితో ఉన్నవాళ్లకు పని, కూలి దొరికాయి. పనికి వచ్చినవాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లలో చాలామంది మతంలో చేరతామని అడిగారు. ప్రచారకుడి కోణంలో చూస్తే అంతకు మించిన అదను ఉండదు. అయినా కరువు పనులూ సహాయమూ నడిచినన్నాళ్లు, ఏడాదికి పైగా, అతడు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. గంజి కోసం వచ్చినవాడెవడో, మనసుతో వచ్చినవాడెవడో ఆకలి తీరాకే తెలుస్తుందన్నది అతడి ఉద్దేశం. సహాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. ఆ అంకెను మిషన్ చరిత్రలు పదేపదే చెప్పుకున్నాయి. నాకు మాత్రం దానికన్నా ముందు ఒక్క అంకె కూడా నమోదు కాని ఆ ఏడాదే విలువైనదిగా కనిపిస్తుంది. తనను పంపినవాళ్లు ఆశించే ఫలితాన్ని చేతికందే దూరంలో ఉంచుకుని కూడా ఆపగలిగాడంటే, ఎదుటి మనిషి పరిస్థితిని అతడు నిజంగా చదివాడన్నమాట. ప్రచారంలో ఉన్న ప్రతి సంస్థా తన శిక్షణలో ఈ ఒక్క నిర్ణయాన్ని రోజుల తరబడి చర్చించాలి.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం ఉంది. ఈ నేర్చుకోవడమంతా ఎర కాదా? భాష నేర్చిందీ, మందులిచ్చిందీ, కథలు సేకరించిందీ చివరికి తమ మతంలోకి లాక్కోవడానికే కదా? వాళ్ల వెనక దొరల ప్రభుత్వం కూడా ఉందికదా? ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు. మనుషుల గురించి నేర్చుకోవడం వేరు, మనుషుల దగ్గర నేర్చుకోవడం వేరు. మొదటిదాంట్లో అహంకారం సులువుగా దూరుతుంది. ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణంతో 1856లో పేరు తెచ్చుకున్న రాబర్ట్ కాల్డ్వెల్, అంతకు ఏడేళ్ల ముందు తిరునల్వేలి షాణార్ల మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. ఎవరి మధ్య ఉండి సేవచేశాడో ఆ కులస్థులనే బుద్ధిలేనివాళ్లుగా చిత్రించాడు. ఆ తర్వాతి తరంలో చదువుకున్న షాణార్లు, అంటే నాడార్లు, ఆ పుస్తకం మీద తిరగబడ్డారు. అంతటి భాషావేత్తకు కూడా ఆ మనుషులు చదివే వస్తువులుగానే కనబడ్డారు. కాబట్టి అభ్యంతరం చెప్పేవాళ్లతో నేను సగం దూరం నడుస్తాను. ఏది ఎరో, ఏది నిజమైన చదువో తేల్చే పరీక్ష మాత్రం ఒకటుంది. నేర్చుకున్నది బోధకుణ్ణి ఎక్కడైనా అడ్డుకుందా? అతడి నోటికి తాళం వేసిందా? తన సంస్థతో పేచీ పెట్టుకునేలా చేసిందా? క్లౌ ఆపిన బాప్తిస్మాలు, కుగ్లర్ మార్చిన పథకం ఆ పరీక్షలో నిలుస్తాయి. బలవంతంతోనో ప్రలోభంతోనో మతం మార్పించే హక్కు ఎవరికీ లేదని సుప్రీంకోర్టు 1977లో స్టానిస్లాస్ కేసులో తేల్చింది. చట్టం గీసిన ఆ గీతకు ఎంతో ఇవతలే బోధకుణ్ణి ఆపగలిగేది అతడు ఊళ్లో నేర్చుకున్న మర్యాద.

కాల్డ్వెల్ చులకన చేసిన ఆ నాడార్ల బిడ్డే వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి నుంచి మన తెలుగువాళ్ల మధ్యకు 1909లో మిషనరీగా డోర్నకల్ చేరాడు. అప్పటికి అతడికి ముప్పై అయిదేళ్లు. ఆ వయసులో తెలుగు ఓనమాలు దిద్దుకున్నాడు. మరుసటి ఏడాది ఎడింబరో మహాసభలో, తెల్ల మిషనరీలు భారతీయులకు దానాలూ త్యాగాలూ ఇచ్చారు గానీ స్నేహం ఇవ్వలేదని నేరుగా చెప్పాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. డోర్నకల్‌లో 1939లో పూర్తయిన కెథెడ్రల్‌ను గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిసిన తీరులో కట్టించాడు. అంటే దొరల పాలన వల్లే ఈ నేర్చుకునే అలవాటు పుట్టిందనడం పూర్తిగా నిలబడదు. పరాయి భాషలోకి, పరాయి పల్లెలోకి ఒక తమిళుడు కూడా విద్యార్థిగా రాగలిగాడు. తనవాళ్లను తక్కువచేసిన పుస్తకం చరిత్ర తెలిసిన ఇంటినుంచి వచ్చినవాడు కాబట్టే, స్నేహం మాటను అంత సూటిగా అనగలిగాడని నేననుకుంటాను.

విశ్వాసుల వైపు నుంచి వచ్చే అభ్యంతరం వేరు. కాలం తక్కువ, చెప్పాల్సినది ప్రాణాధారమైనది, చదువుల పేరుతో ఏళ్లు గడిపేస్తే ఎలా అంటారు. ఈ మాటలోని ఆర్తిని గౌరవిస్తాను. కానీ చరిత్రలో నిజంగా కాలం తక్కువైనవాళ్లు ఏం చేశారో చూడండి. జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరారు. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో చనిపోయారు. ఉన్న ఆ నాలుగైదేళ్లలోనే వాళ్లు తెలుగు నేర్చుకుని, ఆనందరాయరు అనే తెలుగు బ్రాహ్మణుడి తోడుతో సువార్తల అనువాదానికి పూనుకున్నారు. అది 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయింది, అప్పటికి ఇద్దరూ లేరు. వాళ్ల ప్రసంగాలు వాళ్లతోనే పోయాయి, ఆనందరాయరుతో కూర్చుని నేర్చుకున్నది మిగిలింది. అంతకు ఎనభై ఏళ్ల ముందు బెంజమిన్ షుల్జ్ తెలుగులోకి బైబిలు తర్జుమా చేశాడు, అది అచ్చుకే నోచుకోలేదు. మాట చెప్పాలన్న ఆత్రంలో షుల్జ్ ఎవరికీ తీసిపోడు. అయినా ఆ మాట ముద్రణ దాకా రావడానికి ఎనభై ఏళ్లూ ఒక ఆనందరాయరూ కావలసివచ్చారు. తొందరపడితే కాలం కలిసిరాదన్నది ఇక్కడ లెక్కతో సహా కనిపిస్తుంది.

ఇప్పుడు బోధకులంతా తెలుగువాళ్లే, వాళ్లకు కొత్తగా నేర్చుకోవాల్సిందేముందని అడిగేవాళ్లున్నారు. భాష ఒకటైనంత మాత్రాన బతుకు తెలిసిపోదు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉంటూ, పక్క కొండల్లోని సవరలకు చదువు చెప్పాలనుకున్నప్పుడు మొదట ఒక సవరను తన ఇంట్లో పెట్టుకుని వాళ్ల భాష నేర్చుకున్నాడు. బళ్లు ఆ తర్వాత పెట్టాడు. అది మతప్రచారం కాకపోయినా, ముందేది వెనకేది అన్న వరస అదే. రేనాటి సంగతే తీసుకుందాం. కోస్తాలో శిక్షణ పొంది జమ్మలమడుగు పక్కకు వచ్చే పాస్టరుకో ధర్మప్రచారకుడికో, గండికోట జలాశయంలో నీళ్లు నిలిపినప్పుడు కొండాపురం మండలంలో తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊళ్లు ఖాళీ అయిన తీరు తెలుసా? ఇల్లు మునిగినవాడికి పరిహారం ఎలా లెక్కగడతారో, పెళ్లికాని పద్దెనిమిదేళ్ల పిల్ల పేరు జాబితాలో ఎందుకు ముఖ్యమో, ఊరు మారితే గ్రామదేవత గుడీ పూర్వీకుల సమాధులూ ఏమవుతాయో తెలుసా? ఆ జనం దగ్గర నిలబడి పరలోకంలో ఇల్లు ఉందని చెప్పేముందు, మునిగిపోయిన ఇంటి కథ పూర్తిగా వినాలి. పులివెందుల పక్క చీనీ తోట ఎండిపోతుంటే రైతు బోరు మీద బోరు వేసి ఎంత అప్పులోకి దిగుతాడో, కలమల్ల పక్కనున్న థర్మల్ కేంద్రంలో కాంట్రాక్టు కూలీకి ఏ పని ఎన్నాళ్లుంటుందో, ప్రొద్దుటూరు మగ్గం మీద చీర నేసే ఇంట్లో కూలి ఎంత గిడుతుందో, కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన తల్లి కోసం ఎదురుచూసే పిల్లల్ని ఎవరు చూసుకుంటున్నారో – ఇవి తెలియని బోధ ఏ గ్రంథం నుంచి వచ్చినా గాల్లోనే ఉంటుంది. పక్కింటి కులం గురించి మనకు ఉన్న తెలియనితనం, సముద్రాలు దాటి వచ్చినవాళ్ల తెలియనితనానికి ఏమాత్రం తీసిపోదు. మాదిగపల్లెలో ఒక్క పూట కూడా భోంచేయని తెలుగువాడు ఆ పల్లెకు పరదేశే.

మరి నేర్చుకోగా నేర్చుకోగా బోధకుడి విశ్వాసమే మారిపోతే? సంస్థలు పైకి అనని భయం ఇదే. అది నిజమైన భయమే, జరిగింది కూడా. వెరియర్ ఎల్విన్ 1927లో ఆంగ్లికన్ మతసేవకుడిగా భారతదేశానికి వచ్చాడు. గోండుల మధ్య ఉండటానికి 1932లో కరంజియా వెళ్లాడు. వాళ్లను మతం మార్చనన్నాడు, 1930ల మధ్యకొచ్చేసరికి చర్చినే వదిలేశాడు, ఆదివాసుల జీవితాన్ని రాసిపెట్టడానికి మిగతా జీవితాన్ని ఇచ్చాడు. అజరయ్య అంతే శ్రద్ధగా నేర్చుకుని చివరిదాకా బిషప్‌గానే ఉన్నాడు. నేర్చుకోవడం మనిషిని ఎటు తీసుకుపోతుందో ముందే హామీ ఇవ్వలేం. అయితే, తన మాటలో సత్యముందని నమ్మే సంస్థ, దాన్ని మోసేవాడు పదిమంది బతుకులు చూస్తే మారిపోతాడని ఎందుకు భయపడాలి? జనాన్ని చూడకుండా ఉంటేనే నిలిచే నమ్మకమైతే, ఆ నమ్మకాన్ని జనంలోకి పంపడంలో అర్థం లేదు. ఎల్విన్ లాంటివాళ్లు కొందరు చేజారతారని తెలిసే పంపడం నిజాయితీ.

అందుకని నేను కోరేది పెద్ద సంస్కరణేమీ కాదు. పాతకాలపు మిషన్లు చాలావాటిలో కొత్తగా వచ్చినవాడికి భాషా పరీక్ష నెగ్గేదాకా పూర్తి బాధ్యతలు దక్కేవి కావు. ఆ పద్ధతిని ఇప్పటి అవసరానికి తగ్గట్టు తిరిగి తెచ్చుకోవాలి. కొత్త ఊరికి వెళ్లిన బోధకుడికి, అతడు పాస్టరైనా, హిందూ ధర్మప్రచారకుడైనా, జమాత్ తరఫున వెళ్లినవాడైనా, మొదటి ఆరు నెలలు మైకు ఇవ్వకూడదు. ఆ ఆరు నెలలూ ఊళ్లో ఒక ఇంట్లో, వీలైతే తనది కాని కులంవాళ్ల వాడలో ఉండాలి. వాళ్లు పొలానికి పోతే పొలానికి పోవాలి, ఆసుపత్రికి పోతే ఆసుపత్రికి పోవాలి. వేమన పద్యాలూ బ్రహ్మంగారి తత్వాలూ, తన మతానివి కాకపోయినా, ఊరి ముసలివాళ్ల నోట వినాలి. రెవెన్యూ కాగితాల్లో ఒక అడంగల్ చదవడం, ప్రథమ చికిత్స చేయడం, పింఛను దరఖాస్తు నింపడం రావాలి. నెలనెలా పైకి పంపే నివేదికలో ఎంతమంది వచ్చారు, ఎంతమంది చేరారు అన్న లెక్కల స్థానంలో, ఈ నెల ఊళ్లో ఏం తెలుసుకున్నారు, దానివల్ల మీ పనిలో ఏం మార్చుకున్నారు అనే రెండు ప్రశ్నలు ఉండాలి. రాయలసీమ డయోసిస్ గానీ, తిరుమల తిరుపతి దేవస్థానాల ధర్మప్రచార పరిషత్తు గానీ, ప్రొద్దుటూరు మసీదుల పెద్దలు గానీ దీన్ని వచ్చే శిక్షణా తరగతి నుంచే మొదలుపెట్టవచ్చు. అదనంగా అయ్యే ఖర్చు మనిషికి ఆరు నెలల జీతం, ఒక నోటుపుస్తకం.